చదివింపుల మైకు

సింగపూర్‌లో ఋతువులు లేవంటారు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఒకటే వాన. మాకు మాత్రం ఉన్నాయి. తెలుగు సంఘం ఉగాది ఒక ఋతువు, వినాయక చవితి ఇంకో ఋతువు. మధ్యలో సర్వసభ్య సమావేశం వస్తుంది, అది అసలైన ఎండాకాలం. కిందటేడు ఆ రెండు పండగల మధ్య మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

నా పేరు కాత్యాయని. మా ఆయన జనార్దనరావు గారు అప్పట్లో సంఘం అధ్యక్షులు. ఆయన అధ్యక్షులైతే నేను మైకు. అది పదవి కాదు గానీ, ఏ పదవి ఉన్నవాళ్ళనైనా ముందు నేనే పిలవాలి కనక నాకు అందరూ కాస్త జడిసేవారు. నా గొంతు బాగుంటుందని నాకూ తెలుసు. తెలియనట్టు నటించడం కూడా వచ్చు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇక్కడ పౌరసత్వం లేకుండా ఉద్యోగం పాసు మీద ఉన్నవాళ్ళకి ఆసుపత్రిలో ప్రభుత్వ సాయం దొరకదు. కంపెనీ ఇచ్చిన బీమా ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అలాంటి కష్టం ఎవరికైనా వస్తే, తరవాత వచ్చే పండగలో వాళ్ళ కోసం చదివింపులు పెడతాం. అచ్చం పెళ్ళిళ్ళలో లాగే. అందరూ కవర్లు తెచ్చి బల్ల మీద పెడతారు, నేను ఒక్కొక్కటీ తీసి మైకులో చదువుతాను. "హౌగాంగ్ వాస్తవ్యులు శ్రీ కొండలరావు గారు, శ్రీమతి నాగరత్నం గారు, చదివింపులు నూట పదహారు డాలర్లు!" అని దీర్ఘం తీసి చదువుతుంటే హాలంతా చప్పట్లు. చివర్లో సాయం అందుకున్నవాళ్ళు మైకులో రెండు మాటలు చెబుతారు. మా ఆయన శాలువా కప్పుతారు. అందరం కళ్ళు తుడుచుకుని పులిహోర తినడానికి వెళతాం.

ఆ ఉగాదికి చదివింపులు యోగితకి.

యోగిత, విజయ్ మా పుంగ్గోల్‌లోనే, మా బ్లాకుకి ఎదురు బ్లాకులో ఉంటారు. ఇద్దరిదీ కరీంనగర్ వైపు. ఆ పిల్లకి ఏడో నెలలోనే కాన్పు అయింది. పాప ఇంకా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. పేరు కూడా పెట్టలేదు, చంటి అని పిలుచుకునేవాళ్ళు. పండగ ముందు రోజు నేను మిరియాల చారు పట్టుకుని వెళ్తే, యోగిత బీరువాలోంచి సీమంతం నాటి పట్టుచీర తీసి మంచం మీద పరిచి ఉంచింది.

"రేపు గిది కట్టుకుంట ఆంటీ. పండుగ గదా" అంది.

నేను ఆ చీర వైపు చూశాను. మెరూన్ రంగు, చేతివెడల్పు జరీ అంచు.

"పట్టు వద్దమ్మా. అదిగో ఆ నీలం నేతచీర ఉంది చూడు, అది కట్టుకో. ఆ బంగారు గాజులు కూడా తీసి లోపల పెట్టు. చూసేవాళ్ళు రకరకాలుగా అనుకుంటారు."

యోగిత ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తరవాత చీర మడత పెట్టడం మొదలుపెట్టింది. నేను రెండో కొస పట్టుకున్నాను. మంచి మాటే చెప్పానని నా నమ్మకం. మైకులో ఏం చెప్పాలో కూడా నేనే నేర్పాను.

మర్నాడు వుడ్‌ల్యాండ్స్‌లో అద్దెకు తీసుకున్న హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరస కుర్చీల్లో చేతిరుమాళ్ళు వేసి, ఇక్కడి మాటలో చెప్పాలంటే 'చోప్' చేసి, సీట్లు పట్టుకున్నవాళ్ళతో వెనక వచ్చినవాళ్ళకి చిన్న గొడవ కూడా అయింది. యోగిత నీలం చీరలో స్టేజి మీద నా పక్కన నిలబడింది. నేను ఒక్కో కవరూ తీసి తీరిగ్గా చదివాను. ఎవరి పేరూ తొందరగా దాటేయకూడదు కదా, ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు. ఆ పిల్ల ప్రతి పేరుకీ ఆ పేరు గలవాళ్ళ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. అందరివీ అయ్యాక మైకు దాని చేతికిచ్చాను.

"మీరందరు మా చంటికి అమ్మమ్మలు, తాతలు. మీ రుణం ఈ జన్మల తీర్చుకోలేం" అంది యోగిత.

నేను నేర్పినట్టే చెప్పింది. నాగరత్నం గారు పైటతో కళ్ళు ఒత్తుకున్నారు. నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అది నటన కాదు.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్‌లో మా అమ్మాయి నందిత నా పక్కన కూర్చుంది. అది ఇక్కడే పుట్టి పెరిగింది, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. తెలుగు కాస్త తడబడుతూ, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తూ మాట్లాడుతుంది గానీ నాతో తెలుగే మాట్లాడుతుంది, దానికి అదో పట్టింపు.

"అమ్మా, యోగితక్కకి చైర్ ఎందుకు వెయ్యలేదు? షీ జస్ట్ డెలివర్డ్ లా."

"అయ్యో, నిజమే. తోచలేదే."

"చైర్ కాదు అమ్మా అసలు. ఆమెని అక్కడ నిలబెట్టడం ఎందుకు?"

ఎదురు సీటులో ఉన్న మా ఆయన పేపరు మడిచారు. "ఇచ్చేవాళ్ళకి ఎవరికిస్తున్నామో తెలియద్దూ?"

నందిత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా కూతురి సంగతి నాకే సరిగ్గా తెలియలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి వీధి దీపాలకి ఎన్నికల బొమ్మలు వేలాడదీశారు. ఊళ్ళో ఆ ఎన్నికలు జరుగుతుంటే మా ఇంట్లో ఇంకో ఎన్నిక మొదలైంది. నందిత, దాని స్నేహితులు కలిసి సంఘానికి ఒక ప్రతిపాదన పెట్టారు. ప్రతి కుటుంబం నెలనెలా కొద్దిగా ఒక నిధికి కట్టాలి. ఎవరికి జబ్బు చేసినా సంఘంలో ఉన్న ఇద్దరు డాక్టర్లకి చెబితే చాలు, డబ్బు తిన్నగా ఆసుపత్రికి పోతుంది. పేర్లు చదవడం ఉండదు. స్టేజీ, శాలువా ఉండవు. జూన్ సమావేశంలో చేతులెత్తి తేల్చాలి.

మా ఆయనకి అన్నం సహించలేదు. ఆయన బ్యాంకులో అప్పుల వ్యవహారం చూసిన మనిషి. ఎవరు ఎక్కడ ఎగ్గొడతారో ముందే ఊహించడం ఆయన ఉద్యోగం.

"నిధి ఉందని తెలిస్తే ఉన్న జబ్బులన్నీ మూట కట్టుకుని దిగుతారు. సిగరెట్లు తాగేవాడికీ నేనే కట్టాలా? అయినా డబ్బు కాదు నా బాధ. హక్కు అయిపోయాక ఎవడు ఎవడికి కృతజ్ఞతగా ఉంటాడు? మొహం చూసి ఇచ్చేది వేరు, నెలకింతని కోసేసేది వేరు. మనం సంఘం పెట్టుకున్నామా, బీమా కంపెనీ పెట్టుకున్నామా?"

ఆయన మాటలు నాకు సబబుగానే తోచాయి. ఇప్పటికీ అందులో కొంత సబబు ఉందనే అంటాను. యోగిత కాన్పయిన దగ్గర్నుంచీ ఇంత చారు, ఇంత వెల్లుల్లి కారం పట్టుకుని రోజు విడిచి రోజు ఆ ఇంటి మెట్లెక్కింది నేను. ఏ నిధి ఎక్కుతుంది? డబ్బులు వాటంతటవే కట్ అయిపోతే ఇక ఒకళ్ళ గడప ఒకళ్ళు ఎందుకు తొక్కుతారు?

నందిత పెరుగు కలుపుకుంటూ అడిగింది. "నాన్నా, మీ స్టెంట్‌కి ఎవరు మైకులో చదివారు?"

ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

అంతకు రెండేళ్ళ ముందు ఆఫీసుకి వెళ్తూ స్టేషన్‌లో ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సులో తీసుకెళ్ళి స్టెంట్ వేశారు. మాకు పౌరసత్వం ఉంది కాబట్టి ప్రభుత్వ రాయితీ వచ్చింది. అందరి దగ్గరా తప్పనిసరిగా కోసుకునే ప్రభుత్వ బీమా ఉంది, అది చాలావరకు భరించింది. ఎవరికీ దణ్ణం పెట్టకుండానే ఇంటికొచ్చేశాం. సంఘంలో మాత్రం ఆయన ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్ళారని చెప్పాను. ఆ నెల కార్యక్రమంలో అదే మాట మైకులో కూడా చెప్పాను.

"అది వేరు" అన్నారాయన.

"హౌ వేరు?"

"అది నేను కట్టుకున్నది."

"ఇది కూడా వాళ్ళు కట్టేదే కదా నాన్నా."

ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. పెరుగన్నం అలాగే ఉండిపోయింది. నేను వంటింట్లో నందిత చెయ్యి పట్టుకున్నాను.

"ఆ మాట మీటింగులో అనకే. నాన్నగారి పరువు పోతుంది. నీకు దణ్ణం పెడతాను."

అది నా చేతులు విడిపించుకుంది. "దణ్ణం వద్దమ్మా. చెప్పను లే."

ఇక నేను ఫోను పట్టుకున్నాను. నెల రోజులు అదే పని. అరుంధతికి, గీతాంజలికి, ఉగాది పచ్చడి బాగా కుదిరిందని ఇంకా చెప్పుకుంటున్న ప్రతి ఆంటీకీ ఫోన్ చేశాను. మా ఆయన చదవాల్సిన ఉపన్యాసం కూడా నేనే రాశాను. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది: "చెయ్యి చాచిన మనిషిని మనం ఎన్నడూ చిన్నచూపు చూడలేదు." రాసి, నా వాక్యానికి నేనే మురిసిపోయాను.

ఈలోగా పాప ఇంటికి వచ్చింది. గుప్పెడంత ఉంది. నేను వెళ్ళి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేదాన్ని. ఆ మధ్యాహ్నం కూడా అలా నీళ్ళు పోసి, తుడిచి, యోగిత ఒళ్ళో పెట్టి, ఖాళీ డబ్బాలు సంచిలో సర్దుకుంటూ అసలు సంగతి ఎత్తాను.

"ఆదివారం మీటింగుకి ఇద్దరూ రావాలి. ఆ ఫండు వద్దని చెయ్యెత్తాలి. లేకపోతే రేపు నీకు మిరియాల చారు ఎవరు తెస్తారే, ఫండు తెస్తుందా?"

నవ్వుతూనే అన్నాను. యోగితా నవ్వింది.

"మీరెట్ల జెప్తె అట్లనే ఆంటీ." పాప వీపు నిమురుతూ గొంతు తగ్గించింది. "ఆంటీ, మొన్న డాక్టరు దగ్గరికి పోతే చంటికి..."

"బరువు పెరగలేదన్నాడా? అన్నీ సర్దుకుంటాయి లేవే. అందరు పిల్లలూ అంతే. మర్చిపోకు, ఆదివారం పొద్దున. ముందు వరసలో కూర్చోండి."

లిఫ్టు దగ్గరిదాకా వచ్చి సాగనంపింది. చెప్పబోయింది మింగేసిందని నాకు తట్టనే లేదు. నాకు ఆ పూట ఇంకో మూడిళ్ళు ఉన్నాయి.

సమావేశానికి కొండలరావు గారు పెద్దమనిషి. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి ఓడ మీద వచ్చి ఇక్కడి రేవులో పనిచేశారట. ఆయన మాటల్లో తెలుగు, తమిళం, మలాయ్ కలిసిపోయి ఉంటాయి. మా ఆయన ఉపన్యాసం అద్భుతంగా చదివారు. నా వాక్యం దగ్గర చప్పట్లు కూడా పడ్డాయి.

తరవాత నందిత లేచింది. తెలుగులోనే మాట్లాడింది. పదాల కోసం వెతుక్కుంటూ, చేతులు నలుపుకుంటూ చెప్పింది. "జబ్బు చెయ్యడం తప్పు కాదు కదా. మరి ఎందుకు సారీ చెప్పినట్టు నిలబడాలి? హెల్ప్ కావాలంటే అడగాలి అంటే, అడగడానికి ధైర్యం లేనివాళ్ళు ఏం చెయ్యాలి?" అంది. వెనక నుంచి ఎవరో అడిగారు.

"అమ్మాయ్, ఇలా ఎవరికీ తెలియకుండా అందుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ ఇంట్లో ఎవరికైనా అనుభవమా, ఇంత గట్టిగా చెబుతున్నావ్?"

నందిత నా వైపు చూసింది. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. నేను చేతిలో ఉన్న సమోసా ప్లేటు వైపు తల వంచుకున్నాను. అందులో చట్నీ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"లేదు అంకుల్" అంది నందిత.

నా కూతురు మా కోసం అబద్ధం చెప్పి కూర్చుంది.

"సరి సరి, తొందరగా కానివ్వండి, మకాన్, అదే భోజనం, చల్లారిపోతా ఉంది" అన్నారు కొండలరావు గారు. "కావాలనేవాళ్ళు చేతులెత్తండి." నేను అనుకున్నదాని కన్నా ఎక్కువ చేతులే లేచాయి. "వద్దనేవాళ్ళు ఎత్తండి."

ముందు వరసలో యోగిత పాపని ఎడమ భుజాన వేసుకుని కుడిచెయ్యి ఎత్తింది. అందరికన్నా ముందు ఎత్తింది. గాజులు లేని చెయ్యి. ఎత్తి, వెనక్కి తిరిగి నేను చూశానో లేదో చూసుకుంది. నేను బాగుందన్నట్టు తల ఊపాను. పక్కన విజయ్ రెండుసార్లలో దేనికీ చెయ్యెత్తలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని స్టేజి వైపు చూస్తున్నాడు.

లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా ఆ పిల్ల చెయ్యి దించలేదు. పాప జారిపోకుండా ఒక పక్కకి ఒరిగి కూడా అలాగే పట్టుకుంది. నా తల ఊపు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ఆ వైపు చూడలేకపోయాను.

కొద్ది ఓట్ల తేడాతో మేమే గెలిచాం. ఫోన్లు వచ్చాయి, అభినందనలు వచ్చాయి. ఇంట్లో మాత్రం నందిత నాతో తెలుగు మాట్లాడటం మానేసింది. కోపం చూపించలేదు, తలుపులు విసరలేదు. "అన్నం తింటావా?" అంటే "లేటర్, మమ్మీ" అనేది. "చీకటి పడింది, ఎక్కడున్నావ్?" అంటే "ఆన్ ద వే, నో నీడ్ టు వెయిట్ లా." పుట్టినప్పటి నుంచీ నేను 'అమ్మా'ని. జూన్‌లో 'మమ్మీ'ని అయ్యాను. మా ఆయన వారం రోజులు గెలిచిన మనిషిలా తిరిగి, తరవాత ఆయనా డల్ అయిపోయారు. ఒకరోజు గుండె మాత్ర వేసుకుంటూ, "మీటింగులో నందిత 'లేదు అంకుల్' అన్నప్పుడు నాకేదోలా అయిందే" అన్నారు. నేను వినిపించుకోనట్టు పప్పు తిరగమోత వేసుకున్నాను.

యోగిత ఇంటికి వెళ్ళడం కూడా తగ్గించాను. ఏదో ఒక సాకు దొరికేది. ఆ పిల్ల చెయ్యి గుర్తొచ్చేది.

వినాయక చవితికి ముందు ఆదివారం. ఉండ్రాళ్ళ పిండి కలుపుతున్నాను. మా ఆయన, నందిత బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నారు. ఫోన్ మోగింది. చేతుల నిండా పిండి, నందిత స్పీకర్ నొక్కి నా ముందు పెట్టింది.

"ఆంటీ, మంచిగున్నరా? పండుగ పనుల్ల ఉన్నట్టున్నరు."

"బాగున్నానమ్మా. చంటి ఎలా ఉంది?"

"గదే ఆంటీ... గుండె దగ్గర మూసుకుపోవాల్సిన నరం మూసుకోలేదంట. ఆపరేషన్ చెయ్యాలె అంటున్నరు. ఇంక ఆగొద్దంటున్నరు."

"అయ్యో! ఎప్పుడు తెలిసింది?"

"జూన్లనే చెప్పిండు డాక్టరు. మీకు చెప్దామనుకున్న ఆంటీ ఆ రోజు. మల్ల మీటింగ్ ఉండె గదా. ఒక్కసారి ఇచ్చినోళ్ళను మల్ల అడిగితె మంచిగుండదని ఆగినం. విజయ్ లోన్ కోసం తిరిగిండు, కాలేదు. పాప ఊపిరి తీస్తుంటె ఎగపోస్తున్నది ఆంటీ ఇప్పుడు."

మా ఆయన ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశారు. నందిత కదలకుండా ఫోన్ వైపే చూస్తోంది.

"చవితికి చదివింపులు పెడ్తరా ఆంటీ? మీరు చెప్తె అందరు వింటరు."

"పెడతాం తల్లీ. తప్పకుండా పెడతాం."

"సరే ఆంటీ." ఆమె గొంతులో ఎత్తిపొడుపు వెతికాను. ఉంటే బాగుండేది. రవ్వంత కూడా లేదు. ఏ కూర వండమంటారు అని అడిగినంత మామూలుగా అడిగింది. "ఆంటీ, మల్ల ఏం చీర కట్టుకొమ్మంటరు? గా నీలందైతె మొన్న అందరు చూసిన్రు గదా. గాజులైతె అమ్మేసినం, తీసే పని లేదు."

"చీరేమిటి?" అన్నారు మా ఆయన.

ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ పట్టుచీర రెండో కొస పట్టుకుని మడత పెట్టింది నేనొక్కదాన్నే.

నందిత నా వైపు తిరిగింది. రెండు నెలల తరవాత దాని నోట్లోంచి తెలుగు వచ్చింది.

"చెప్పమ్మా. అడుగుతోంది కదా."

ఫోన్‌లో యోగిత "హలో, ఆంటీ, ఇనొస్తుందా?" అంటోంది. వెనక చంటి ఏడుస్తోంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది పేర్లు చదివిన దాన్ని, పిండి చేతులతో అలా నిలబడిపోయాను.